ఉలవలు ఉడుకుతున్న వాసన

మొన్న మాఘమాసంలో మా పిన్ని మనవరాలి పెళ్లికి విజయవాడ వెళ్లాను. తెల్లవారుజాము ముహూర్తం. మూడు గంటలకే మెలకువ వచ్చి, కాఫీ దొరుకుతుందేమోనని కళ్యాణ మండపం వెనక వంటశాల వైపు నడిచాను. గుమ్మం దాకా వెళ్లనే లేదు, పది అడుగుల దూరంలో కాళ్లు ఆగిపోయాయి. గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలో ఉలవలు ఉడుకుతున్నాయి.

ఆ వాసన తెలిసినవారికి చెప్పనక్కర్లేదు, తెలియనివారికి చెప్పడం కష్టం. కందిపప్పులా కమ్మగా ఉండదు. తడిసిన మట్టి, గోనెసంచి, అడుగున ఎక్కడో చిన్న చేదు, అన్నీ కలిసిన వాసన అది. వంటమేస్త్రి నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇంకా ఉడకాలి" అన్నాడు తనలో తాను. అప్పుడు చూసుకున్నాను నా కుడిచేతిని. అరచేయి పలకలా చాచి, బొటనవేలిని పక్కకు ఆనించి నిలబడి ఉన్నాను. ఆ చేయి అలా పట్టి నలభై ఏళ్లు దాటింది.

ఉలవచారు ఇప్పుడు విందుల్లో గొప్ప వంటకం. మీగడ వేసి వడ్డిస్తారు, సీసాల్లో పోసి అమెరికా పంపుతారు, బిర్యానీలో కూడా కలుపుతున్నారు. ఆ బిర్యానీ మీద నా అభిప్రాయం అడగకండి. మా చిన్నప్పుడు ఉలవలంటే పశువుల దాణా. ఉడికిన గింజలు ఎడ్లకూ గుర్రాలకూ, వార్చిన కట్టు మనుషులకూ. అంటే మనం తాగే చారు పశువుల వంటలో మిగిలిన నీళ్లన్నమాట. మా ఇంట్లో ఆ వాటా మరీ నిక్కచ్చిగా సాగింది. గింజలు పావలాకి, కట్టు మాకు.

పావలా మా గుర్రం.

*

మాది తెనాలి. ఊరి మధ్యలోంచి కాలువలు పారతాయి, మద్రాసు నుంచి విజయవాడ వెళ్లే రైళ్లన్నీ ఊరి మీదుగానే పోతాయి, రేపల్లె వెళ్లే పాసింజరు ఇక్కడే విడిపోతుంది. స్టేషనులో దిగినవారిని ఇంటికి చేర్చేది ఆ రోజుల్లో జట్కా. స్టేషను బయట వరసగా బండ్లు నిలిచి ఉండేవి. గుర్రాల మూతులకు దాణా సంచులు, మెడలో గంటలు. రైలు కూత వినగానే సంచులు ఊడదీయడం, పగ్గాలు సర్దడం, ఎవరి వంతు ముందు అన్న చిన్న తగాదా.

జట్కా ఎక్కడం ఒక విద్య. వెనక ఇనుప మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని లోపలికి దూరాలి. లోపల పచ్చగడ్డి పరిచి, దాని మీద గోనెపట్టా వేసి ఉండేది. ఎంత ఎక్కువ గడ్డి ఉంటే అంత మెత్తన, దిగేసరికి లంగాకు అంత దురద. రెండు చక్రాల బండి కాబట్టి బరువు సరిగ్గా కుదరాలి. "కాస్త ముందుకు జరగండమ్మా, వెనక బరువైంది" అనేవాడు తోలేవాడు. ముందుకు జరిగితే, "అంత కాదు, గుర్రం మెడ మీద పడుతోంది, కాస్త వెనక్కి" అనేవాడు. మా నాయనమ్మకు ఇది బొత్తిగా గిట్టేది కాదు. "కూరగాయల్లా తూస్తున్నాడు" అనేది.

రోడ్డు మీద జనం అడ్డం వస్తే చెర్నాకోల కర్రను చక్రపు ఆకుల మధ్య పెట్టేవారు. టకటకటకమని మోత. గుర్రాన్ని కొట్టకుండానే బండికి వేగం వచ్చినట్టు అనిపించేది. కొత్త సినిమా వచ్చినప్పుడు జట్కాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టి, లోపల మైకు పెట్టుకుని ఒకడు అరుస్తూ, రంగురంగుల కాగితాలు వెనక నుంచి వెదజల్లుతూ పోయేవాడు. వాటికోసం గాంధీ చౌక్ దాకా పరుగెత్తినవాళ్లలో నేను కూడా ఉన్నాను. సినిమా చూపించే స్తోమతు ఉందా లేదా అన్నది వేరే సంగతి, ఎర్రకాగితం దొరికిందా పచ్చకాగితం దొరికిందా అన్నదే మా లెక్క.

తరువాత సైకిలు రిక్షాలు పెరిగాయి. ఆ తరువాత ఆటోలు. స్టేషను బయట బండ్ల వరస ఏడాదికేడాది పొట్టిదైంది. ఎవరూ ప్రకటించలేదు, ఎవరూ ఆపలేదు. ఒకరోజు లెక్కపెడితే ఏడు బండ్లు ఉన్నాయి, అంతే.

*

నాన్న పశువుల డాక్టరు. తిరుపతిలో చదివారు. ఇంట్లో గేదె ఉండేది, దొడ్లో చావిడి, గడ్డివామి, నీళ్ల తొట్టి అన్నీ ఉండేవి. కానీ గుర్రం వస్తుందని ఎవరమూ అనుకోలేదు.

ఉప్పెన వచ్చిన రెండు మూడేళ్లకు జరిగింది ఇది. ఉప్పెన అంటే 1977 నవంబరు 19 నాటిది. దివిసీమ పేరుతో చెప్పుకుంటారు కానీ అప్పటి మా గుంటూరు జిల్లాలో రేపల్లె వైపు కూడా అది కొట్టిన దెబ్బ తక్కువది కాదు. నాన్నను ఆ ఊళ్లకు పంపించారు. ఆయన అక్కడ చేసింది వైద్యం కాదు, చచ్చిన పశువులను పూడ్పించడం. నెల దాటిన తరువాత ఇంటికి వచ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నారు. ఆ తరువాత కూడా దాని గురించి మాతో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఒక జట్కా తాత తన గుర్రాన్ని నడిపించుకుంటూ పశువైద్యశాలకు వచ్చాడట. బండి లేదు, గుర్రం మాత్రమే. స్టేషను దగ్గర మేము చాలాసార్లు ఎక్కిన బండి అతనిదే. గుర్రం వీపు మీద జీను ఒరుసుకుపోయి పెద్ద పుండు. ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లబడి ఉంది. పక్కటెముకలు ఎంచవచ్చు. "బండి అమ్మేశాను బాబూ. దీన్ని ఎవరూ కొనరు. తోలు కోసం అడుగుతున్నారు, నేను ఇవ్వలేను. నొప్పి లేకుండా పోయే సూది మందేదో మీరే వేసేయండి. నేను బయట నిలబడతాను" అన్నాడట.

నాన్న దాని నోరు తెరిచి పళ్లు చూశారు. గుర్రానికి పై వరసలో ముందరి పళ్ల చివరి పన్ను మీద ఒక గాడి ఉంటుంది. పదేళ్ల వయసులో చిగురు దగ్గర కనిపించడం మొదలై, పదిహేనుకు సగానికి దిగి, ఇరవైకి పన్ను చివరిదాకా వస్తుంది. అక్కడి నుంచి పై భాగం చెరిగిపోతూ వస్తుంది. ఈ గుర్రానికి పైన కొద్దిగా చెరిగింది. అంటే ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. "పాతికేళ్లు పైబడి బతికే జంతువు, ఇరవై రెండుకు సూది ఎందుకు వెయ్యాలి?" అన్నారట. ఈ లెక్క ఆయన తరువాత మాకు చెప్పింది. అమ్మ మాత్రం ఎప్పుడూ ఒకటే మాట అనేది: "మీ నాన్న అప్పటికి చావులు చాలా చూసి ఉన్నారు. ఇంకొక్కటి ఆయన చేతుల మీదుగా జరగడం ఇష్టం లేకపోయింది."

ఆ రాత్రి పెట్రోమాక్స్ లైటు వెలుతురులో గుర్రం మా దొడ్లో నిలబడి ఉంది. "రెండు రోజులే" అన్నారు నాన్న.

"రెండు రోజులంటే రెండు రోజులేనాండీ?" అంది అమ్మ.

నాయనమ్మ అరుగు మీద నుంచే సామెత విసిరింది: "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు నాయనా. గుర్తుపెట్టుకో."

తప్పలేదు. ఆరేళ్లు.

*

నుదుటి మీద గుండ్రని తెల్లమచ్చ ఒకటి ఉండేది. చెల్లి చూడగానే "పావలా బిళ్ళ" అంది. పేరు అదే నిలిచిపోయింది. జట్కా తాత దాన్ని బిజిలీ అని పిలిచేవాడని తెలిసిన తరువాత కూడా మేము మార్చలేదు. బిజిలీ అంటే మెరుపు. దాన్ని చూసి మెరుపు అనాలంటే మాకు నవ్వు వచ్చేది. పావలా అంటే దానికి ఒక చెవి కదిలేది. బిజిలీ అని తాత పిలిస్తే రెండు చెవులూ లేచేవి, కడుపులోంచి ఒక సన్నని సకిలింపు వచ్చేది. మాకు కొంచెం అసూయగానే ఉండేది.

(పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఆ వార్త పత్రికలో చదివిన రోజు మా ముగ్గురిలో ఎవరు ఎవరికి ముందు ఫోన్ చేశారో ఇప్పుడు గుర్తులేదు.)

మొదటి పని పళ్లు. అది గడ్డి నమిలి నమిలి మింగలేక ఉండలు చేసి కింద పడేసేది. దొడ్డినిండా తడి గడ్డి ఉండలు. ముసలి గుర్రాలకు దవడ పళ్లు ఎగుడుదిగుడుగా అరిగి, అంచులు కత్తుల్లా బుగ్గలకు గుచ్చుకుంటాయట. నాన్న పొడవాటి ఆకురాయితో ఆ అంచులు రాశారు. నాలుక పక్కకు లాగి పట్టుకునే పని అన్నయ్యది. గుర్రం నాలుక ఎంత పొడవుంటుందో, ఎంత జారుతుందో మా అన్నయ్య ఇప్పటికీ వర్ణించి చెబుతాడు, అదీ భోజనాల దగ్గర. నేను టార్చి లైటు పట్టుకున్నాను. కరకరమనే ఆ శబ్దానికి నా పళ్లు పులిసిపోయాయి. గుర్రం మాత్రం ఒంటికన్నుతో గోడ వైపు చూస్తూ, ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న పెద్దమనిషిలా ఓపికగా నిలబడింది.

ఆ కంటికి మాత్రం చేయగలిగింది లేదు. కంటి లోపల వాపు వస్తుంది, తగ్గినట్టే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా కొంత చూపు తినేసి పోతుంది. చంద్రుడి వృద్ధిక్షయాల వల్ల అలా జరుగుతుందని పాతకాలం వాళ్లు నమ్మేవారని నాన్న చెప్పారు. అందుకే దాని ఎడమ వైపు వెళ్లేటప్పుడు ముందు మాట్లాడాలి. మాట్లాడకుండా వెళితే ఉలిక్కిపడేది. మా ఇంట్లో అందరం కనిపించినవన్నీ పలకరించుకుంటూ నడవడం అప్పుడే అలవాటైంది. "పావలా, నేను వస్తున్నా, బక్కెట్ తెచ్చా, ఇదిగో పక్కనే ఉన్నా." లోకంలో ఎవరైనా గుర్రాన్ని ఎడమ వైపు నుంచే ఎక్కుతారు. మేము ముగ్గురం కుడి వైపు నుంచి ఎక్కడం నేర్చుకున్నాం. చాలా ఏళ్ల తరువాత ఊటీలో మా పిల్లల కోసం ఒక గుర్రాన్ని మాట్లాడితే, నేను వాళ్లను కుడి వైపు నుంచి ఎక్కించబోయాను. గుర్రం వాడు నన్ను చూసిన చూపు మరిచిపోలేను.

నాడి చూడడం కూడా నేర్పారు. దవడ ఎముక కింద వేలు పెడితే తాడులాంటిది దొరుకుతుంది. నాన్న చేతిగడియారం పట్టుకుని లెక్కపెట్టేవాళ్లం. నిమిషానికి 36. పరుగెత్తుకొచ్చిన చెల్లిది 110. "అంత పెద్ద శరీరం, అంత నిదానంగా ఎలా బతుకుతుంది నాన్నా?" అని అడిగింది అది. నాన్న దగ్గర జవాబు ఉండే ఉంటుంది కానీ చెప్పినట్టు గుర్తు లేదు.

*

లాడాలు మొదటి వారంలోనే ఊడదీయించారు. రాళ్ల రోడ్డు మీద ఇక పరుగెత్తేది లేదు కదా, మట్టి నేల మీద నడిచే గుర్రానికి లాడం ఎందుకన్నారు నాన్న. గిట్టలు మాత్రం నెలన్నరకోసారి చెక్కించేవారు. లాడాలు పోయాక దాని అడుగు చప్పుడే మారిపోయింది. స్టేషను రోడ్డు మీద మేము విన్న టక్కుటక్కు పోయి, పెరట్లో ఎవరో రోకలితో మెత్తగా దంచుతున్నట్టు వినిపించేది.

చేతితో మేత పెట్టడానికి ముందు మాకు ఒక పరీక్ష. గుర్రానికి మూతి కిందనే ఉన్న వస్తువు కనిపించదు, పెదవులతో తడిమి తీసుకుంటుంది. వేళ్లు ముడిస్తే వాటిని కూడా గడ్డే అనుకుంటుంది. అందుకని అరచేయి పూర్తిగా చాచి, బొటనవేలు దగ్గరగా ఆనించి పట్టుకోవాలి. గుర్రం దగ్గరకు పంపే ముందు నాన్న మా చేత ఒకరి మీద ఒకరికి సాధన చేయించారు. చెల్లి గుర్రం. నేను ఉలవ గుగ్గిళ్లు పట్టుకోవాలి. అది చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పెదవులతో తీసుకోవాలి. బొటనవేలు కాస్త లేస్తే చాలు, నిజంగా కొరికేది. గుర్రం పావలా మమ్మల్ని ఆరేళ్లలో ఒక్కసారి కూడా కొరకలేదు. మా చెల్లి పంటిగాటు మాత్రం నా బొటనవేలి మీద చాలాకాలం ఉంది.

బక్కెట్లోంచి మేము దొంగతనంగా తినేవాళ్లం కూడా. ఉప్పు లేదు, తాలింపు లేదు, ఒక బెల్లం ముక్క నంజుకునేవాళ్లం. "గుర్రం నోటి కాడ కూడు" అని నాయనమ్మ తిట్టేది. తిట్టి తను కూడా ఒక గుప్పెడు తీసుకునేది.

*

ఎక్కి తిరిగే ఆలోచన పెద్దవాళ్లది కాదు, గుర్రానిదే అని మేము వాదించేవాళ్లం. పుండు మాని, వీపు మీద వెంట్రుకలు తెల్లగా మొలిచిన తరువాత, కదలకుండా నిలబడితే కీళ్లు బిగుసుకుపోతాయి, రోజూ నడిపించాలి అన్నారు నాన్న. నడిపిస్తూ విసుగొచ్చి అన్నయ్య ఒకరోజు గోడ మీద నుంచి దాని వీపు మీదకు జారాడు. పావలా ఒక్క క్షణం ఆగి, నిట్టూర్చి, బయలుదేరింది.

జీను లేదు. పాత బొంత మడతపెట్టి, మంచానికి వాడే నవారుతో పొట్ట కింది నుంచి కట్టేవాళ్లం. మెత్తని పగ్గం. నోట్లో ఇనుప కళ్ళెం నాన్న పెట్టనివ్వలేదు, "ఇరవై ఏళ్లు నమిలింది చాలు" అన్నారు. ఒకేసారి ఇద్దరం ఎక్కేవాళ్లం, చెల్లీ నేనూ, ఇద్దరం కలిపినా ఒక బియ్యం బస్తా తూగం. మూడోవాడు పగ్గం పట్టుకుని ముందు నడవాలి. కాలువ గట్టు వెంట గరిక బాగా పెరిగేది. అక్కడి దాకా పోవడం, అది మేస్తుంటే మేము పైనే కూర్చుని పల్లీలు తినడం.

దానికి దాని పద్ధతులు ఉండేవి. మేము వెనక్కి జారితే నడక ఆపేసేది. ముందుకు జరిగి సర్దుకుంటే కానీ కదలదు. బరువు తూచడం తాత ఒక్కడికే తెలిసిన విద్య అనుకున్నాం, అసలు గురువు ఇదన్నమాట. కొన్ని ఇళ్ల ముందు ఏ కారణం లేకుండా ఆగిపోయేది. ఒక ప్లీడరు గారి గుమ్మం, ఒక కంటి డాక్టరు గారి ఇల్లు, మారిసుపేటలో ఒక రంగుల మేడ. మెల్లగా అర్థమైంది, అవన్నీ దాని పాత బేరాలు. ఎవరో దిగాలి, డబ్బులివ్వాలి, అప్పుడు కానీ ప్రయాణం పూర్తి కాదు. అందుకని చెల్లి దిగి, తాత చేతిలో చిల్లర వేసినట్టు గాలిలో వేసి, మళ్లీ ఎక్కేది. అప్పుడు కదిలేది. నేను కల్పించడం లేదు.

ఒక సాయంకాలం వాన మబ్బు పట్టింది. గట్టు మీద నుంచి ఇంటికి మళ్లుతున్నాం. దూరంగా రేపల్లె పాసింజరు కూత వేసింది. పావలా తల ఎత్తింది. చెవులు నిక్కాయి. ఇంటి దారి వదిలి ఎడమకు తిరిగింది. అన్నయ్య పగ్గం లాగాడు. అది ఆగలేదు, అలాగని పరుగూ తీయలేదు, ఆలస్యమైపోతోందన్నట్టు కొంచెం జోరుగా నడిచింది. వాడు పక్కన పరుగెత్తుతున్నాడు, పైన మేమిద్దరం జూలు పట్టుకుని "పావలా వద్దే, పావలా వద్దే" అని అరుస్తున్నాం. గేటు దాటి, సంత దాటి, స్టేషను ముందు జట్కాల వరసలో చివర ఖాళీగా ఉన్న జాగాలో వెళ్లి నిలబడింది. బండి లేదు. బొంత ఉంది, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు.

జట్కా వాళ్లు మొదట నవ్వారు. తరువాత ఒకాయన లేచి వచ్చి, దాని మెడ మీద చేయి వేసి, "ఇది బిజిలీ కదా" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. రైలు వచ్చింది, జనం దిగారు. తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక ముసలావిడ మమ్మల్ని చూసి, "కొత్తపేటకు ఎంత?" అని అడిగింది. చెల్లి ఠక్కున "పావలా" అంది. ఆవిడ అటూ ఇటూ చూసి, బండి ఎక్కడ ఉందో అర్థం కాక, తిట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా పావలా నిలబడే ఉంది. అందరూ పోయారు. అప్పుడు తనంతట తానే వెనక్కి తిరిగి మమ్మల్ని ఇంటికి తీసుకువచ్చింది. వానలో ముద్దగా తడిశాం. అమ్మ అన్నయ్యకు రెండు తగిలించింది, గుర్రం ఒళ్లు మాత్రం పొడిగా తుడిచింది.

*

రెండు రోజుల గుర్రం నెలలు దాటినా అమ్మకు ఒక అనుమానం ఉండేది: ఇది నిద్రపోదేమో అని. ఎప్పుడు చూసినా నిలబడే ఉండేది. గుర్రాలు నిలబడే కునుకు తీస్తాయి, కాళ్లు వాటంతట అవే బిగుసుకుంటాయి, కానీ గాఢంగా నిద్రపోవాలంటే మాత్రం పడుకోవాలి, చుట్టూ భయం లేదని తోస్తే కానీ పడుకోవు అన్నారు నాన్న. అలా నిలబడే వానాకాలం అంతా గడిపింది. కార్తీకమాసంలో ఒక పొద్దున చెల్లి ఏడుస్తూ లోపలికి పరుగెత్తుకొచ్చింది, పావలా చచ్చిపోయిందని. అందరం పరుగెత్తాం. చావిట్లో వరిగడ్డి పరుపు మీద నాలుగు కాళ్లూ చాపుకుని, పక్కకు ఒరిగి పడి ఉంది. పై పెదవి వణుకుతోంది. గురక పెడుతోంది.

నాన్న ఏమీ అనలేదు. మా అందరినీ వెనక్కి నెట్టి, చావిడి తలుపు మెల్లగా దగ్గరకు వేశారు. ఆ రోజు ఆయన ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లారు.

*

జట్కా తాత శుక్రవారం నమాజు అయ్యాక వచ్చేవాడు. బండి పోయాక కొన్నాళ్లు మిల్లులో బస్తాలు మోశాడు, తరువాత ఒక దుకాణం దగ్గర కాపలా. చేతిలో కాగితం పొట్లంలో బెల్లం. పావలా దగ్గర నిలబడి తన భాషలో చాలాసేపు మాట్లాడేవాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోడు. నాన్నను చూడగానే మాత్రం ఏదో తప్పు చేసినవాడిలా నిలబడేవాడు. సూది మందు అడిగిన సంగతి ఇద్దరి మధ్యా మళ్లీ ఎప్పుడూ రాలేదు. కట్టు వార్చిన రోజయితే అమ్మ చెంబెడు ఉలవచారు ఇచ్చి పంపేది. "దాని తిండిలో నాకు వాటా పెట్టారమ్మా" అనేవాడు.

వీధిలో అందరికీ ఈ వ్యవహారం నచ్చలేదు. పక్కింటి పెద్దమనిషి ఒకాయన, "పాలివ్వదు, బండి లాగదు, ఎందుకండీ డాక్టరు గారూ ఈ దండగ?" అని గోడ మీద నుంచి అడుగుతూనే ఉండేవాడు. ఒకసారి వాళ్ల పాలేరును మినుము చేలో పాము కరిచింది. గుంటూరు తీసుకువెళ్లి విరుగుడు మందు ఎక్కిస్తే బతికాడు. ఆ వారం నాన్న గోడ దగ్గరకు వెళ్లి, "ఆ మందు గుర్రం రక్తంలోంచే తీస్తారండీ. బొంబాయిలో హాఫ్‌కిన్ సంస్థలో గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి తయారుచేస్తారు" అని చెప్పి వచ్చారు. పెద్దమనిషి ఆ తరువాత దండగ అనడం మానేశాడు. లద్దె వాసన గురించి మొదలుపెట్టాడు.

గండం మాత్రం మా చేతుల్లోంచే వచ్చింది. అన్నయ్య ఒకసారి ప్రేమ ముదిరి, నానబెట్టని ఉలవలు అరబక్కెట్టు పెట్టేశాడు. పొద్దు గూకేసరికి పావలా పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, ముందుకాలితో నేల గీకడం, పడి పొర్లబోవడం. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని కడుపు మూతి నిర్మాణమే అలాంటిది. లోపలికి పోయింది కిందికే పోవాలి. నాన్న డొక్కలో స్టెతస్కోపు పెట్టి విన్నారు, మొహం మారిపోయింది. "చప్పుడు లేదు" అన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి నూనె పోశారు. తాతకు కబురు పెట్టారు. ఆ రాత్రంతా దొడ్డి చుట్టూ నడిపించారు, ఒక జాము నాన్న, ఒక జాము తాత. అన్నయ్య గడ్డివామి వెనక కూర్చుని ఏడ్చాడు. తెల్లవారుతుండగా పావలా తోక ఎత్తింది. అంత సంతోషంగా లద్దెను చూసిన కుటుంబం తెనాలిలో ఇంకొకటి ఉండదు. నాయనమ్మ దేవుడి దగ్గర దీపం కూడా పెట్టింది.

*

నేను ఇంటర్మీడియట్‌కు గుంటూరు హాస్టలుకు వెళ్లాను. అప్పటికే పొడవు పెరిగి, పావలా ఎక్కడం మానేసి రెండేళ్లయింది. అన్నయ్య అంతకుముందే వెళ్లిపోయాడు. చెల్లి ఒక్కతే, అదీ వారానికోసారి, ఎక్కకుండా పక్కన నడుస్తూ గట్టు దాకా వెళ్లి వచ్చేదట. తాత శుక్రవారాలు తగ్గాయి. ఒక రంజాను తరువాత ఇక రాలేదు. నాన్న వెళ్లి వాళ్ల కొడుకును చూసి వచ్చారు. తిరిగి వచ్చి చావిట్లోకి వెళ్లి చాలాసేపు ఉన్నారని అమ్మ చెప్పింది.

చలికాలంలో ఇన్లాండు ఉత్తరం వచ్చింది. నాన్న ఉత్తరాలు మందుల చీటీల్లా ఉంటాయి. డబ్బు పంపాను, అందినట్టు రాయి, నాయనమ్మ మోకాళ్లు పరవాలేదు, గేదె ఈనింది. ఆఖరున, మడత దగ్గర: "మంగళవారం తెల్లవారుజామున పావలా పడుకుని ఉంది. నిద్రపోతోందనుకుని మీ అమ్మ లేపలేదు. ఎనిమిది గంటలకు నేను చూశాను. గట్టు దగ్గర మన చేలోనే పెట్టాం. ఎనిమిది మంది పట్టారు."

గుమ్మానికి కొట్టుకుంటాం, ఒక లాడం ఇవ్వండి అని వీధిలో నలుగురు అడిగారట. వాళ్లలో లద్దె వాసన పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఇవ్వడానికి లాడాలెక్కడివి? ఎప్పుడో ఊడదీయించిన ఆ నాలుగింటినీ తాతే పాత ఇనుము వాడికి అమ్మి, ఆ డబ్బుతో మొదటి శుక్రవారం బెల్లం తెచ్చాడని నాన్నకు తెలుసు. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు.

*

వంటమేస్త్రి ఉలవలు వార్చాడు. నల్లని కట్టు వేరే గిన్నెలోకి దిగింది. గింజలు గంపలో కుప్పగా ఆవిర్లు కక్కుతున్నాయి.

"ఇవి ఏం చేస్తారు బాబూ?" అని అడిగాను.

"గేదెలాయన వచ్చి పట్టుకుపోతాడమ్మా. ఏం, కావాలా?"

ఒక గుప్పెడు అడిగితే, విస్తరిముక్కలో పెట్టి ఇచ్చాడు. ఎవరో వెనక నిలబడినట్టు అనిపించి తిరిగి చూశాను. పట్టుచీర, తలనిండా మల్లెలు, అప్పుడే రంగు వేసుకున్న జుట్టు, మా చెల్లి. అది కూడా కాఫీ కోసమే వచ్చానంది. నేను నమ్మలేదు. గుగ్గిళ్లు అరచేతిలో పోసుకుని ముందుకు చాచాను. అది వంటమేస్త్రి అటు తిరిగేదాకా ఆగి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని కాస్త వంగింది. వంగి, ఆగి, నా చేయి చూసి,

"బొటనవేలు దగ్గరగా పెట్టవే" అంది.